మోడెం కలిసింది, పేజీ రాలేదు

ముందు పోయినవి చెబుతాను. టెలిఫోన్ లైను మీద రెండు వందల డెబ్బై ఏడు నిమిషాలు పోయాయి. అన్ని నిమిషాల్లో తెరుచుకున్న పేజీలు సున్నా. మెయిన్‌లాండ్ నుంచి మా ఆవిడకు చుట్టాలు చేసిన ఫోన్లు మూడు, ఆమె లెక్క ప్రకారం ఐదు, ఎంగేజ్ కొట్టి వెనక్కి పోయాయి. ఒక ఫ్యాక్స్ కాగితం తారు పూసినట్టు నల్లబడి చెత్తబుట్టలోకి పోయింది. నా మీద మా బావకున్న నమ్మకంలో ఎంత పోయిందో కొలిచే సాధనం నా దగ్గర లేదు కాబట్టి దాన్ని రాయడం లేదు. అన్నిటికన్నా పెద్దది, ఇరవై నాలుగు రోజుల సముద్రం. గాలి పడిపోయి నీళ్లు చదునుగా ఉండే కాలంలో ఇరవై నాలుగు రోజులు. అవి నావి కూడా కావు, బావవి.

ఆరు పాయింట్ నాలుగు ఎంబీల సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా అదే వారంలో పోయింది గాని, దాన్ని ఈ లెక్కలో కలపను. అది పోవాలనే నేను తీసేశాను. మిగతావన్నీ దాని వెంట పోయాయి.

నేను ఈ ద్వీపాల రేవులో ట్యాలీ క్లర్కును. ఓడలోంచి దిగే సరుకును జెట్టీ మీద నిలబడి లెక్కపెట్టడం నా పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, ఐదు. బస్తాలైనా, సిమెంటైనా, ఉల్లిపాయలైనా అంతే. తొమ్మిదో తరగతితో చదువు ఆగింది. ఘనపుటడుగులు, టన్నులు, శాతాలు అన్నీ జెట్టీ మీదే నాకు నేను నేర్చుకున్నాను. సిప్పీఘాట్‌లో వ్యవసాయ ఫారం వైపు ఉండే ఒక ఉద్యోగి బదిలీ మీద వెళ్తూ తన పాత కంప్యూటరు అమ్ముతుంటే కొన్నాను. దాన్ని కూడా అలాగే నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. అందుకే ఎవరూ నేర్పని తప్పులు కూడా చేయగలను.

దానితో పాటు ఒక మోడెం వచ్చింది. ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక చెబుతున్నాను. అది సబ్బుపెట్టె అంత ఉండే డబ్బా. ఇంటి ఫోను తీగను దానికి గుచ్చితే, అది నంబరు తిప్పి, కాసేపు గీపెట్టి, అవతలి మోడెంతో కలిసేది. అది కలిసి ఉన్నంతసేపు ఇంటికి ఫోన్ రాదు, ఇంట్లోంచి ఫోన్ పోదు. ఉన్నది ఒకటే తీగ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

బావ మా ఆవిడకు అన్నయ్య. జంగ్లీఘాట్‌లో చేపలు దిగే ఒడ్డుకు నాలుగు ఇళ్ల ఇవతల ఉంటాడు. మా ఇంటి నుంచి రెండు వందల పది అడుగులు, నా అడుగులతో. ఆయనకు ఒక డోంగీ ఉండేది. ఇంజను పెట్టిన చిన్న చేపల పడవను ఇక్కడ అందరూ డోంగీ అనే అంటారు. ఆ ఏడాది వానలు వెళ్లగానే దాని గేర్‌బాక్సు పగిలింది. విశాఖపట్నంలో సామాన్లు అమ్మే షాపాయనకు ఫోన్ చేస్తే ఆయన ఒకటి పంపాడు. ఆరు బోల్టులది అడిగాం, ఆరు బోల్టులదే వచ్చింది. కానీ బోల్టుకూ బోల్టుకూ మధ్య దూరం పావు అంగుళం తేడా. ముప్ఫై నాలుగు కిలోల ఇనుము, విమానమెక్కే బరువు కాదు, ఓడలోనే తిరిగి వెళ్లింది. ఆ కొలతలు చెప్పింది నేనే. బోల్టులు ఎన్ని అని అడిగాడు, ఎన్ని అని చెప్పాను. దూరం అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పటికీ ఆ తప్పులో నా వాటా సగమే అంటాను.

ఒక మంగళవారం ఉదయం షాపాయన మళ్లీ ఫోన్ చేశాడు.

"ఈసారి నంబర్లు చెప్పకండి బాబూ. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి మెయిల్లో పంపండి. నేను కళ్లతో చూస్తేనే పెట్టె కడతాను. శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా ఫోటో నాకు అందాలి, ఆ రాత్రే పెట్టెను సరుకు ఓడ ఏజెంటుకు అప్పజెప్పాలి. అది తప్పితే మళ్లీ ఓడ ఇరవై నాలుగు రోజులకి."

ముందు బోల్టుల కన్నాలను పెన్సిలుతో కాగితం మీదికి అచ్చు తీసి ఫ్యాక్స్ చేసి చూశాం. మొదట చెప్పిన నల్లబడిన కాగితం అదే. సాయంత్రానికి స్టూడియోలో ఫోటో తీయించి, దాన్ని ఒక ఫ్లాపీలో వేయించుకుని వచ్చాం. ఒకటి పాయింట్ ఒకటి ఎంబీ. మా లైను సెకనుకు రెండు కేబీలు లాగుతుంది కాబట్టి తొమ్మిది నిమిషాలు, అటూ ఇటుగా.

"తొమ్మిదేనా? ఇప్పుడే కొట్టీ మరి," అన్నాడు బావ.

"రేపు పొద్దున్న పంపుదాం. సిస్టం ముందు కొంచెం శుభ్రం చేయాలి."

ఇక్కడే నా తెలివి పని చేసింది. అంతకు ముందు నెలలో ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి ఇంటర్నెట్ వేగం పెంచుతుందని ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. నెల్లాళ్లు గడియారం పెట్టి కొలిచాను. వేగం ఏమీ పెరగలేదు, నాలుగు శాతం తగ్గింది. అంత ముఖ్యమైన ఫోటో పంపేటప్పుడు ఆ నాలుగు శాతం ఎందుకు పోగొట్టుకోవాలని ఆ సాయంత్రమే దాన్ని తీసేశాను. నాలుగు శాతం అంటే ఇరవై రెండు సెకన్లు. ఆ ఇరవై రెండు సెకన్లు మిగుల్చుకోబోయాను.

బుధవారం పొద్దున్న మోడెం నంబరు తిప్పింది, గీపెట్టింది, కలిసింది. లైను కలిసిందనే గుర్తుగా తెర మూలన రెండు చిన్న టీవీల బొమ్మ వెలిగింది. మెయిల్ పేజీ కొట్టాను. తెల్లగా ఉంది. పది నిమిషాలు చూశాం. తెల్లగానే ఉంది.

ఇక్కడ మెయిన్‌లాండ్ వాళ్లకు అర్థం కాని విషయం ఒకటి ఉంది. అక్కడివాడైతే రెండో నిమిషంలో ఏదో చెడింది అనుకుంటాడు. మేం అనుకోలేదు. ద్వీపాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఏదైనా రాకపోతే చెడిందని తోచదు, ఇంకా రాలేదని తోస్తుంది. ఓడ అలాగే వస్తుంది, ఉత్తరం అలాగే వస్తుంది, కూరగాయలూ అలాగే వస్తాయి. ఇంటర్నెట్టు కూడా ఆకాశంలో ఉపగ్రహం మీదుగా వస్తుంది కాబట్టి దాని ఆలస్యం దానికి ఉంటుంది. ఓడ కోసం జెట్టీ మీద కూర్చున్నట్టు ఇద్దరం కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా ఆవిడ టీ ఇచ్చింది.

"వస్తాదంటావా?" అన్నాడు బావ.

"మబ్బు పట్టింది కదా. ఉపగ్రహం సిగ్నల్ బలహీనంగా ఉంటుంది."

"నాకూ అదే అనిపిస్తాంది. మొన్న టీవీ కూడా అలాగే గింజుకుంది."

ఆ రోజు తొంభై నాలుగు నిమిషాలు.

గురువారం మబ్బు లేదు. నేను డ్యూటీ నుంచి రెండింటికే వచ్చేశాను. మోడెం తీగలు ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. కనెక్షన్ చెరిపి కొత్తగా తయారు చేశాను. ప్రతిసారీ కలిసింది, ముప్ఫై ఒక్క వేల రెండు వందల వేగం అని చూపించింది. ఆ అంకె చూసి నాకు ధైర్యం వచ్చింది. అంకె బాగుంటే పని బాగున్నట్టే అనుకునే మనిషిని నేను.

"బజార్లో నెట్ సెంటరుంది గదా బావా, ఆడికి పోదామా?" అన్నాడు బావ.

"అక్కడా ఇదే ఉపగ్రహం. మనకు రానిది వాళ్లకు ఎలా వస్తుంది?"

"అదీ నిజమేలే."

ఇది విని వంటింట్లోంచి మా ఆవిడ అంది: "ఇద్దరికిద్దరూ సరిపోయారు."

బావ నవ్వి, కుర్చీ వెనక్కి వాల్చి, నాకేసి చూశాడు. "అయితే ఒక మాట. నీ డబ్బా వల్ల నా డోంగీ ఎన్ని రోజులు ఒడ్డున కూకుంటే, అన్ని రోజులు నువ్వు నాతో సముద్రానికి రావాలి. వల లాగాలి. పక్కా?"

నేను ఓడల మధ్య బతుకుతాను గాని ఓడ ఎక్కను. రేవు దాటితే నా కడుపు నా మాట వినదు. ఆ సంగతి జంగ్లీఘాట్ అంతటికీ తెలుసు. కానీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇంకా ఇరవై ఏడు గంటలుంది, పని తొమ్మిది నిమిషాలది. నష్టపోయే అవకాశం దాదాపు సున్నా అని లెక్కగట్టి, "పక్కా" అన్నాను. బావ నా చేతిలో చెయ్యేసి కొట్టాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి సాక్షిగా నిలబడింది.

ఆ రోజు నూట ముప్ఫై ఒక్క నిమిషాలు.

శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దున్నుంచి తెల్ల పేజీ చూశాం, సాయంత్రం దాకా అన్నీ కలిపి యాభై రెండు నిమిషాలు. మధ్యాహ్నం భోజనం చేసి బావ గోడకు ఆనుకుని కునుకు తీశాడు. నాలుగున్నరకు మా ఆవిడ బజారు నుంచి కూరల సంచీతో వచ్చింది.

"ఆ నెట్ సెంటరు కాడ జనం రోడ్డు దాకా ఉన్నారండీ. ఏవో పరీక్షల రిజల్ట్సంట."

నేను కుర్చీలోంచి లేచాను. "రిజల్ట్స్ చూస్తున్నారా? అంటే అక్కడ నెట్ వస్తోందా?"

"రాకపోతే లైన్లో నిలబడి ఏటి చూస్తారు, ఒకళ్ల మొహాలు ఒకళ్లా?"

బావ కళ్లు తెరిచాడు. "అంటే ఉపగ్రహం బాగానే ఉందన్నమాట."

నేను గోడ గడియారం చూశాను.

"మరి మూడ్రోజుల్నించి మనం ఏటి చూస్తన్నాం బావా?"

"ఎంతమంది ఉన్నారు లైన్లో?" అని మా ఆవిడను అడిగాను.

"తొమ్మండుగురో పదిమందో."

తొమ్మిదే అనుకున్నా, మనిషికి పదిహేను నిమిషాలు, నూట ముప్ఫై ఐదు నిమిషాలు. ఆరూ నలభై ఐదు అవుతుంది. ఇంట్లోనే బాగుచేసుకుంటే తొందర. ఈ లెక్క కూడా తప్పలేదు, తర్వాత మళ్లీ వేసి చూశాను. అందరూ ఒకే పరీక్షవాళ్లు కాబట్టి ఒకళ్ల భుజం మీంచి ఇంకొకళ్లు చూసుకుని అరగంటలో వెళ్లిపోయారని మాత్రం నా లెక్కలో లేదు.

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన ఆఫీసులో సాయం చెప్పే కౌంటరుకు ఫోన్ చేశాను. ఆయన ఓపికగల మనిషి, హిందీలో ఒక్కొక్కటీ చెప్పాడు. ఇబ్బందల్లా ఒకటే తీగ కావడం. ఆయనతో మాట్లాడుతూ నెట్ కలపలేను, నెట్ కలిపితే ఆయన ఉండడు. ఆయన చెప్పిన నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోవడం, ఫోన్ పెట్టేయడం, మోడెం కలపడం, తెల్ల పేజీ చూడడం, తెంపేయడం, మళ్లీ ఆయనకు చేయడం. మూడోసారికి ఆయన నా గొంతు గుర్తుపట్టాడు.

"భాయ్ సాబ్, ఈ మధ్య ఏమైనా నికాల్ దియా క్యా? ఏదైనా సాఫ్ట్‌వేర్?"

"నహీ," అన్నాను.

"అదేంటండీ," అంది మా ఆవిడ వెనకనుంచి, "మంగళవారం ఆ స్పీడుది తీసేశారు గదా. తీసేసి నాకు చూపించారు కూడా."

నేను అబద్ధం చెప్పలేదు. కొట్టివేసిన పద్దు మళ్లీ నాకు కనపడదు, అంతే. ఆ సంగతి ఆయనకు చెప్పగానే, "తో ప్రాక్సీ దేఖో," అని, ఏ పేజీలో ఏ మూలన చూడాలో చెప్పాడు. ఫోన్ పెట్టేసి వెళ్లి చూశాను. అక్కడ ఒక గడిలో టిక్కు ఉంది. పక్కన ఒక చిరునామా, దాని పక్కన ఎనిమిది సున్నా ఎనిమిది సున్నా అని ఒక అంకె. అవి నేను వేసినవి కావు.

అది చూడగానే నాకు మొత్తం అర్థమైంది. కంప్యూటరు వల్ల కాదు, జెట్టీ వల్ల. జెట్టీ మీద ప్రతి సరుకుకూ ఒక క్లియరింగ్ ఏజెంటు ఉంటాడు. యజమాని తరఫున సంతకం పెట్టి గేటు దాటించేది ఆయనే. యజమాని ఏజెంటును మాన్పించి, కాగితాల మీద పేరు మార్చడం మరిచిపోతే ఏమవుతుంది? ఓడ వస్తుంది, సరుకు దిగుతుంది, గేటు దగ్గర లేని ఏజెంటు సంతకం కోసం ఎదురుచూస్తూ అక్కడే పడి ఉంటుంది. అలాంటి బస్తాలు నేనే కొన్ని వందలు లెక్కపెట్టి ఉంటాను. ఆ స్పీడు సాఫ్ట్‌వేర్ ప్రాక్సీ అనే పేరుతో నాకు చెప్పకుండా నా బ్రౌజరుకు ఏజెంటుగా కూర్చుంది. మంగళవారం నేను ఏజెంటును పంపేశాను. కాగితం మీద పేరు మార్చలేదు. మోడెం తన పని తాను చేస్తూనే ఉంది. బ్రౌజరు మాత్రం మూడు రోజులు లేని మనిషి తలుపు తడుతూ నిలబడింది.

టిక్కు తీసేశాను. ఒక్క నొక్కు.

ఐదూ ముప్ఫై ఎనిమిదికి మెయిల్ పేజీ తెరుచుకుంది. రంగులతో సహా. బావ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు, మోడెంకో నాకో తెలియదు. పాస్‌వర్డు కొట్టి, లోపలికి పోయి, ఉత్తరం రాసి, ఫ్లాపీలోంచి ఫోటో తగిలించేసరికి ఐదూ నలభై నాలుగు. తొమ్మిది నిమిషాలు. ఐదూ యాభై మూడుకు అయిపోతుంది. ఏడు నిమిషాలు మిగులు.

"అయిపోద్దా?"

"సగం అయింది."

"ఇప్పుడు?"

"మాట్లాడకు బావా, ఈ తీగ మన మాటలు కూడా మోయాల్సొస్తుంది."

ఐదూ యాభై ఒకటికి మోడెం టిక్కుమంది. మూలనున్న రెండు టీవీల బొమ్మ మాయమైంది. ఆ వెంటనే ఫోన్ మోగింది. లైను మీద ఒకరుండగా ఇంకొకరు చేస్తే టింగుమని చెప్పే సదుపాయం మా ఫోనుకు ఉంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు అది సదుపాయమే. మోడెంలు మాట్లాడుకునేటప్పుడు ఆ టింగుమన్న శబ్దానికే లైను తెగిపోతుంది. ఆ సదుపాయం కావాలని అర్జీ పెట్టుకున్నది నేనే.

ఫోన్ ఎత్తాను. విశాఖపట్నం షాపాయన.

"ఏమండీ, ఫోటో పంపుతామన్నారు, ఇంకా రాలేదేంటి? నేను షాపు కట్టేసుకుంటున్నాను."

"పంపుతూనే ఉన్నామండీ! మీరు ఫోన్ చేసే తెంపేశారు!"

"నేనా? నేనేం చేశానండీ?"

బావ నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "అన్నయ్యా, తమకు పుణ్యముంటాది, ఫోన్ పెట్టీ! పది నిమిషాలు ఆగు! మళ్లీ చెయ్యకు, నీ కాళ్లు పట్టుకుంటాను, చెయ్యకు!"

ఆయన పెట్టేశాడు. నేను మోడెం తిప్పాను. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. ఊళ్లో మోడెం ఉన్నవాళ్లంతా అదే సమయానికి రిజల్ట్స్ చూస్తున్నట్టున్నారు. ఐదోసారికి కలిసింది. ఫోటో పూర్తిగా వెళ్లి, పంపబడింది అని పేజీ చెప్పేసరికి ఆరూ పదకొండు.

షాపాయన ఆరూ ఐదు దాకా కూర్చుని, తాళం వేసుకుని వెళ్లిపోయాడట. శనివారం పొద్దున్న ఫోటో చూసి ఆయనే ఫోన్ చేశాడు. "ఇప్పుడర్థమైంది మీకు కావలసింది ఏదో. పెద్ద దూరం బోల్టులది. ముందే ఇలా పంపి ఉంటే ఎంత బాగుండేది." సరైన గేర్‌బాక్సు పెట్టె కట్టి ఉంచాడు. ఓడ అది లేకుండా వెళ్లిపోయింది.

బావ కోప్పడలేదు. అదే నాకు కష్టమైంది. సాయంత్రం ఒడ్డుకు పోయి డోంగీ అంచు మీద కూర్చున్నాడు. మిగతా డోంగీలు వెళ్లడం, రావడం చూశాడు. నేను కూడా పోయి పక్కన కూర్చున్నాను. సముద్రం గచ్చులా ఉంది.

"ఇలాటి నీళ్లు ఏడాదికి ఎన్ని రోజులుంటాయి బావా?" అన్నాను.

"నాకేటి తెలుసు, ఎప్పుడైనా లెక్కెట్టానా?" అన్నాడు. మళ్లీ తనే, "ఇరవై నాలుగు మాత్రం పోయాయి, అది నువ్వే సెప్పావు," అన్నాడు.

ఆ ఇరవై నాలుగు రోజులూ ఆయన పక్కవాళ్ల డోంగీలో కూలికి వల లాగాడు. తన పడవ ఉన్నవాడు ఇంకొకడి పడవలో లాగడం అంటే ఏమిటో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు. ఓడ వచ్చిన రోజు ఆ పెట్టెను జెట్టీ మీద నేనే లెక్కపెట్టాను. ఒక్కటే పెట్టె కాబట్టి ఒక్కటే నిలువు గీత. ఆ గీత మాత్రం కాస్త గట్టిగా గీశాను. ఆరు బోల్టులూ ఆరు కన్నాల్లో కూర్చున్నాయి. ఇంజను మొదటిసారికే అందుకుంది. బావ నా వైపు తిరిగి, "ఆదివారం నాలుగింటికి వచ్చీ. పొద్దున్న నాలుగు," అన్నాడు.

"ఎందుకు?"

"పక్కా అన్నావు గదా."

మా ఆవిడ సాక్షి. తప్పించుకునే దారి లేదు.

మొదటి ఆదివారం రేవు దాటిన పదకొండో నిమిషానికి కడుపు ఖాళీ అయింది. వల లాగింది బావ, నేను పడవ అంచును పట్టుకుని ఉన్నాను. ఒడ్డుకు వచ్చాక ఒక రోజు తీరిందని నా పుస్తకంలో రాయబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. వాంతి సేసుకున్న రోజు సగం రోజే."

"ఆ షరతు ముందు లేదు."

"డబ్బా టింగుమంటే తెగిపోద్దని నువ్వు ముందు సెప్పావా?"

ఒప్పుకున్నాను. న్యాయంగానే ఉంది.

తర్వాత సంవత్సరాల్లో డోంగీ మారింది, ఇంజను మారింది. ఇంటర్నెట్టుకు సముద్రం అడుగున తీగ వచ్చింది. ఇప్పుడు బావ ఏ సామాను కావాలన్నా చేతిలో ఫోనుతో ఫోటో తీసి, డోంగీలో నిలబడే పంపేస్తాడు. ఆ నొక్కుకు ఆయనకు పట్టేది నాలుగు సెకన్లు, నేను కొలిచాను. మోడెం మాత్రం మా అలమరలో ఉంది. మా ఆవిడ పారేయమంటుంది. బాకీ తీరేదాకా ఉంచుతానన్నాను.

ఇప్పటికి పన్నెండుసార్లు వెళ్లాను. మూడుసార్లు కడుపు నిలిచింది, అవి మూడు రోజులు. తొమ్మిదిసార్లు నిలవలేదు, అవి నాలుగున్నర. మొత్తం ఏడున్నర తీరాయి. నిన్న సాయంత్రం బావ గుమ్మంలో నిలబడి, ఈ ఆదివారం నీళ్లు గచ్చులా ఉంటాయి, వస్తావా అని అడిగాడు. పొద్దున్న ఏమీ తినకుండా వస్తానన్నాను. పుస్తకంలో బావ పేరు మీద మిగిలినవి ఇంకా పదహారున్నర రోజులు.